మనము సంఘమునకు ఎందుకు వస్తున్నాము?



మీ సంఘము ఆత్మీయముగా ఆరోగ్యముగా ఉన్నదా అని ఎవరైనా అడిగితే మనము వెంటనే లెక్కలు చెబుతాము. సభ్యులు ఇంతమంది, ఆదివారపు కానుక ఇంత, కొత్త మందిరమునకు స్లాబు వేశాము, మైకులు మార్చాము. మేము చాలాకాలము బడిలో పాఠములు చెప్పినవారము. హాజరు పట్టీ నిండినంత మాత్రాన పిల్లలకు పాఠము వచ్చినట్టు కాదని మాకు తెలుసు. సంఘము విషయములో మాత్రము ఆ సంగతి మరచిపోయాము.

మన పితరుల కాలములోని ఒక సంగతి జ్ఞాపకము చేసుకుందాము. 1876 నుండి 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరువు వచ్చింది. ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో సుమారు మూడు మైళ్ల తవ్వకము పని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి కూలి దొరికేటట్టు చేశారు. బోధకులే పని చూస్తూ, విశ్రాంతి వేళలో వాక్యము చెప్పేవారు. వినినవారిలో అనేకులు బాప్తిస్మము అడిగారు. దొరగారు ఇవ్వలేదు. కూలి కోసము, గింజల కోసము వస్తున్నారేమోనన్న భయముతో ఏడాదికి పైగా బాప్తిస్మములు ఆపివేశారు. కరువు సహాయము ముగిసింది. ఇక ఇచ్చేది ఏమీ లేదని తెలిసిన తరువాత కూడ జనము వచ్చారు. 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్కరోజున 2,222 మంది బాప్తిస్మము పొందారు.

ఈ సంఖ్యను మన సభలలో ఎన్నోసార్లు గొప్పగా చెప్పుకున్నాము. ఇప్పుడు మాకు పెద్దదిగా తోచేది ఆ సంఖ్య కాదు, దానికి ముందు గడచిన ఖాళీ నెలలు. లెక్క సులువుగా పెరిగే కాలములో ఆ లెక్కను ఆపి, మీరు ఎందుకు వస్తున్నారని అడగగలిగారు.

ఆ ప్రశ్న మేమూ అడిగాము, కాని అడగరాని విధముగా. కొన్ని ఏండ్ల క్రిందట ప్రకాశం జిల్లా నుండి బెంగుళూరుకు కట్టడము పనికి వచ్చిన ఒక కుటుంబము మా ఆరాధనకు రాసాగింది. వెనుక చాపమీద కూర్చునేవారు. నాలుగవ ఆదివారము పెద్దలమైన మేము వారిని పిలిచి, మీ ఊరి సంఘము నుండి ఉత్తరము తెచ్చారా, ఇక్కడికి ఎవరు పంపారు, ఏమైనా సహాయము కావాలా అని అడిగాము. మాటలు మర్యాదగానే ఉన్నాయి. మనస్సులో అనుమానము ఉన్నది. తరువాత వారు రాలేదు.

చాలా రోజులకు ఆ సహోదరుడు బస్టాండులో కనబడ్డాడు. "అయ్యగారూ, మా షెడ్డులో నాలుగు కుటుంబాలం కూడుకుని ప్రార్థన చేసుకుంటున్నాం. పాత కీర్తనల పుస్తకాలు రెండు ఉంటే ఇప్పించండి" అన్నాడు. మరేమీ అడగలేదు. మాకు తల ఎత్తుటకు కాలేదు. మా తాతగారు కూడ ఒకనాడు ఇలాగే పని వెదకుకుంటూ ఈ పట్టణమునకు వచ్చినవారే.

ఆ రాత్రి ఆ ప్రశ్నను మా మీదికి తిప్పుకున్నాము. పేదవాడు గింజల కోసము వచ్చాడేమోనని శంకించే మనము ఎందుకు వస్తున్నాము? సంఘము మనకు పెట్టే గంజి కూడ ఒకటి ఉన్నది. పిల్లలకు మనవారిలో సంబంధములు కుదురుతాయి. సమాధుల తోటలో చోటు దొరుకుతుంది. కమిటీలో పదవి వస్తుంది. పరాయి రాష్ట్రములో మన భాష చెవిన పడుతుంది. ఇవి చెడ్డవి కావు. గంజి తాగుట పాపము కాదు. రొట్టెలు తిని తనను వెదకివచ్చిన జనులను ప్రభువు తరిమివేయలేదు; వారు వచ్చిన కారణమును వారికే చూపించి, మేలైన ఆహారమును గూర్చి బోధించాడు. అయితే గంజి ఒక్కటే మిగిలితే అది బంధువుల కూటమి అవుతుంది గాని సంఘము కాదు.

ఒక ఏడాది పాటు పదవులు లేవు, సన్మానములు లేవు, పేరు చదివే కానుకలు లేవు అంటే మనలో ఎంతమందిమి వస్తాము? ఎన్నికలో ఓడిన పెద్ద మరుసటి ఆదివారము ఎక్కడ కూర్చున్నాడో చూస్తే కొంత జవాబు తెలుస్తుంది. ఆస్తి తగాదాకు కోర్టు మెట్లు ఎక్కే ఓపిక మనకు ఉన్నది. మంచము పట్టిన విధవరాలి గడప తొక్కే తీరిక లేదు. లవొదికయ సంఘము కూడ తనకు ఏ కొదువయు లేదనుకున్నది. దాని జబ్బు దానికి తెలియకపోవుటయే దాని జబ్బు.

కాబట్టి ఈ సంవత్సరపు నివేదికలో సభ్యుల సంఖ్య ప్రక్కన మరి రెండు గడులు గీయుదము. రావడము మానినవారు ఎందరు? వారి ఇంటికి ఎవరు వెళ్లారు? ఆ గడులు నింపవలసి వచ్చినప్పుడు మన ఆరోగ్యము మనకే తెలుస్తుంది.

మేము పుస్తకములు తీసుకొని ఆ షెడ్డుకు వెళ్లాము. సిమెంటు బస్తాల ప్రక్కన పరచిన చాపమీద, వెనుక కూర్చున్నాము. మీరు ఎందుకు వచ్చారని మమ్ములను ఎవరూ అడగలేదు. జరిగి చోటు ఇచ్చారు.

అట్టి చోటు మన మందిరములలోను దొరుకునట్లు ప్రభువు మన హృదయములను మార్చును గాక. ఆమేన్.