బెయేర్షెబాలో ఆగిన తండ్రి

యోసేపు బండ్లు పంపినప్పుడు 130 ఏండ్ల యాకోబు బెయేర్షెబాలో ఆగి, బలులర్పించి, దేవుని మాట విన్న తరువాతనే ఐగుప్తుకు సాగాడు (ఆది. 46:1-4).

నేడు మన సంఘాల్లోని పెద్దలకు వచ్చే బండ్లు అమెరికా కాగితాలు. 21 ఏండ్లు నిండి, అక్కడి పౌరసత్వమున్న బిడ్డే తల్లిదండ్రుల కొరకు దరఖాస్తు పెట్టగలడు. గ్రీన్ కార్డు మాత్రమే ఉంటే చాలదు. వారికి ఆ కార్డు వచ్చాక, ముందుగా అనుమతి లేకుండా ఏడాదికి మించి ఇక్కడే ఉండిపోతే అది పోవచ్చు. ఇది చుట్టపుచూపు కాదు, కాపురం మార్చడమే.

బిడ్డలారా, సంతకానికి ముందు అమ్మను అడిగారా? మీకు కావలసింది అమ్మా, పిల్లల్ని ఆడించే మనిషా? (అక్కడ ఆయా జీతం ఎక్కువేనని విన్నాము.) ఐగుప్తులో 17 ఏండ్లు బ్రదికిన యాకోబు, తన్ను పితరుల సమాధిలోనే పాతిపెట్టాలని యోసేపుచేత ప్రమాణం చేయించుకున్నాడు. అమ్మకూ అలాంటి కోరిక ఉండవచ్చు. టిక్కెట్టు కొనకముందే కూర్చుండి వినండి.