వ్రాయగోరువాని ఋణము

"వ్రాయవలెనను కోరిక మెండుగ నున్నది, స్ఫూర్తి మాత్రము కలుగదు. ఏమి చేయుదును?" అని యువకులు మమ్మడుగుచుందురు. పూర్వము మేము మమ్మటుని మతము ననుసరించి, శక్తియు, లోకశాస్త్రకావ్య పరిశీలనమును, అభ్యాసమును గలసియే కావ్యమునకు హేతువగునని విప్పి చెప్పుచుంటిమి. సహజప్రతిభ లేకున్నను, చదువుచేతను యత్నముచేతను కొలిచినయెడల వాగ్దేవి కొంత యనుగ్రహింపకపోదని దండి యిచ్చిన యూరటను గూడ జోడించుచుంటిమి. వారు మర్యాదగా విని వెడలిపోవుచుండిరి. మరల వచ్చినవారు తక్కువ. ఇప్పుడు గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కమును చేతికిచ్చి, నాటకమునకు ముందుగా, 1897 నాటి తొలికూర్పునకు వారాంగ్లమున వ్రాసిన పీఠికను చదువుమనుచున్నాము.

ఆ పీఠికలో నొక పట్టికను గూర్చిన ప్రస్తావన కలదు. విశాఖపట్టణ మండలమందలి సామాన్య బ్రాహ్మణ కుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహములను విజయనగర మహారాజుగారు లెక్క వ్రాయించిరి. తేలినవి 1034. వానిలో వధువు వయస్సు 5 ఏండ్లైనవి 99. 4 ఏండ్లవి 44. 3 ఏండ్లవి 36. 2 ఏండ్లవి 6. ఏడాది బిడ్డలు ముగ్గురు. ఇట్టి కాగితమును చదివి నిట్టూర్చి మడిచి పెట్టుట లోకసహజము. అప్పారావుగా రా యంకెల వెనుకనున్న యిండ్లలోనికి తొంగిచూచిరి. అమ్మువాని గొంతు, కొనువాని బేరము, నడుమ మధ్యవర్తి మాటలు వారికి వినబడినవి. ఆ నాటకము 1892లోనే విజయనగరమున నాడబడెను.

అంతటితో వారూరకుండలేదు. అచ్చైన పండ్రెండేండ్లకు, 1909లో, దానిని క్రొత్తగా వ్రాసినట్లే పెంచి ప్రకటించిరి. కథకు మరియొక ప్రతి వ్రాయుమన్న ముఖము చిన్నబుచ్చుకొను మా శిష్యుల కిది చేదుమందు. (వాడుకభాషకై పాటుపడినవారిని గూర్చి మేమీ పాతభాషలో వ్రాయుటయు నొక చోద్యమే, అలవాటు మానలేకున్నాము.)

ఇంతకంటె గడ్డు ప్రశ్న మాకొక విద్యార్థి తెచ్చిపెట్టెను. భర్త విడువగా పుట్టింట జేరిన యొక పొరుగింటి యామెను గూర్చి యతడు కథ వ్రాసెను. బాగుగనే యున్నది. కాని యామె కుంటికాలును, వీధి కుళాయియు, అన్నగారి యుద్యోగమును అన్నియు నందున్నవి. పేరొక్కటి మాత్రము మార్చెను. అది యచ్చుపడిన మరునాడు కుళాయికడ నామె గతి యేమి? అడుగగా, "సత్యమును దాచుమందురా, అయ్యా?" అనెను. వెంటనే బదులు చెప్పలేకపోతిమి. దాచినచో కీడు చేసిన భర్తకే మేలు. చెప్పినచో దెబ్బ తగులునది యామెకు.

మరల కన్యాశుల్కమునే తిరుగవేసితిమి. అందలి కొరడా కూతును బేరమునకు పెట్టిన అగ్నిహోత్రావధానుల మీదను, ముదిమిలో పెండ్లాడ నెంచిన లుబ్ధావధానుల మీదను పడుచున్నది. అమ్ముడుపోవలసిన సుబ్బి మీద పడదు. అంతేకాదు, సంస్కరణము పలుకులందే గల గిరీశము నాయన విడిచిపెట్టలేదు. సంస్కర్తల పక్షమువాడై యుండియు తన పక్షమునందలి డాంబికమును వీథి కెక్కించెను. మావంటి సభాప్రియుల కది నేటికిని గుచ్చుకొనును.

అందుచేత నా విద్యార్థి నిట్లడిగితిమి: "నాయనా, కుంటికాలు తీసివేయుము, కుళాయి తీసివేయుము. ఏమి మిగులును?" కొంత తడవాలోచించి, "ఏమియు మిగులదండి" అనెను. "ఇన్నేండ్లు ప్రక్కయింటనుండి నీవేమి చేయుచుంటివి?" అంటిమి. తల వంచుకొనెను. ఆ ప్రశ్న యడుగునప్పుడు మా వీథిలోని యిండ్లు కొన్ని మాకును జ్ఞప్తికి వచ్చినవి.

రెండు నెలలకు మరల వచ్చెను. ఈమారు కథ గోడకీవలనుండి ప్రారంభమైనది: ఆవల నేడ్పు వినబడుచుండగా దీపము పెద్దది చేసికొని పరీక్షకు చదువుకొను బాలుడు. మొదటి వాక్యము నాలుగుమార్లు కొట్టివేయబడియున్నది. ముగింపింకను కుదరలేదని చెప్పి కాగితములు తిరిగి తీసికొనిపోయెను.