మడికి రాని కుట్టు

కత్తెర తగిలిన బట్టకును సూది దూరిన బట్టకును మడిలో చోటు లేదన్న నియమము మా కడప సీమలో నేటికిని ఆచారము తప్పని ఇండ్లలో నిలిచియున్నది. శ్రాద్ధమునకు కూర్చుండు కర్త పంచెయు నుత్తరీయమును మాత్రమే ధరించును. పూర్వకాలపు ఇల్లాలు తడిపి ఆరవేసిన చీరనే మడిగట్టుకొని నైవేద్యము వండగా, ఆమె ముచ్చటపడి కుట్టుకొన్న రవికె ఆ పూటకు దండెము మీదనే ఉండిపోయెడిది. అయినను, వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి దసరా ఉత్సవములతో ప్రొద్దుటూరు వెలిగిపోవు దినములలో, అదే ఇంటిలో ఆ రవికెను కుట్టిన మిషనుకు పసుపు పూసి, కుంకుమ పెట్టి, చక్రమునకు పూలదండ చుట్టి, టెంకాయ కొట్టుదురు. పూజకు తగిన యంత్రమున పుట్టిన వస్త్రము పూజకు తగనిది ఎట్లయినది? పుట్టినిల్లు జమ్మలమడుగులో మిషను తొక్కుట నేర్చి, మెట్టినిల్లు పులివెందులలో పిల్లల గౌనులు కుట్టి, ప్రొద్దుటూరిలో ఈ వయస్సునను ఆ చక్రమును విడువలేకున్న నా మనస్సులో ఈ ప్రశ్న చిరకాలముగా గ్రుచ్చుకొనియున్నది.

శుచి కొరకని కొందరు పెద్దలు చెప్పుదురు. ఆ మాట నాకు రుచింపలేదు. ఉతికిన పంచె యెంత శుభ్రమో ఉతికిన చొక్కాయు అంతే శుభ్రము. కుట్టువాని చేయి సోకినదనువారు నేతగాని చేతిని మాత్రము ఎట్లు అంగీకరింతురు? జమ్మలమడుగు మగ్గముల మీద దారము దారమును దాటినప్పుడు లేని మైల, సూది వెంబడి ఆ దారమే మరల దాటినంత మాత్రమున పుట్టునా? పైగా ఈ కట్టుబాటు మన ఒక్కరిదే కాదు. హజ్ యాత్రకు వెళ్లు ముసల్మాను పురుషుడు ఇహ్రామను దీక్షలో కుట్టు లేని రెండు తెల్లని వస్త్రములనే ధరించును; ఎవరికైనను కడపట శవమునకు చుట్టు కఫను కుట్టని బట్టయే. బట్టలు కుట్టుట మొదలిడిన వాడు ఇద్రీసు ప్రవక్తయని చెప్పుకొను సంప్రదాయముగల మతములో సైతము, కుట్టు ఆ రెండు వేళల వాకిటనే ఆగిపోవుచున్నది.

నాకు తోచిన సమాధానము కొలతలో ఉన్నది. చీర అత్తకును కోడలికిని ఒక్కటే; ఆది రవికెను పరచి, టేపు పట్టి, చంకయు మెడయు గీసి కత్తిరించిన రవికె మాత్రము ఒక్క దేహమునకే చెల్లును. పేరంటములో ముత్తైదువకు రవికగుడ్డను ముక్కగానే ఇత్తుము. వరలక్ష్మీ వ్రతమునాడు కలశము మీది టెంకాయకును ఆ కుట్టని గుడ్డనే మడిచి పెట్టుదుము. దైవము నెదుట నిలుచువేళ, ఇది నా భుజము, ఇది నా నడుము అను కొలతను విడిచి రమ్మనుటయే ఈ నియమము యొక్క హృదయమని నా నమ్మకము.

ఇందుకు బౌద్ధుల కాషాయము అడ్డు వచ్చునని తోచవచ్చును. మగధ దేశపు మడికట్ల గట్లను చూపి, ఆ తీరుననే ముక్కలు కూర్చి చీవరము కుట్టుమని బుద్ధుడు ఆనందునితో చెప్పెనని వినయపిటకము తెలుపుచున్నది. అక్కడ కోత, కుట్టు రెండును సన్న్యాసమునకే గుర్తులైనవి. కాని చీవరము ఎవరి కొలతకును కుట్టినది కాదు. మన వైరాగుల కంథయు, పాత చీరలు పొరలుగా పరచి మన ఇండ్లలో కుట్టు బొంతయు అట్టివే. చలిరాత్రి ఎవరు వచ్చి పడుకొన్నను బొంత వారిని కప్పును.

అట్లని కొలతను హీనమని నేను అనజాలను. ఇంటి కుట్టు యొక్క ధర్మమంతయు అందులోనే ఉన్నది. చేతిసూదికి కన్ను తోక వైపున ఉండుటచే సూది మొత్తము బట్టను దాటవలెను; 1846లో ఎలియాస్ హో పేటెంటు పొందిన యంత్రములో కన్ను మొనచెంతకు దిగినది. ఆ సూది పైదారమును క్రిందికి మోసికొనిపోయి మరలి వచ్చుచుండగా, క్రింది షటిలులోని బాబిను దారము ఆ పైదారపు ఉచ్చులో చిక్కుకొని, రెండును బట్ట నడుమ పెనవేసికొనును. పైదారము వదులైనచో అడుగున ఉచ్చులు తేలును, బిగువైనచో బట్ట ముడుచుకొనును. ఇంత ఎరిగిన యంత్రమునకు కూడ తొడుగుకొనువారెవరో తెలియదు. అది కుట్టు మనిషికే తెలియును. 1924లో గాంధీజీ యంత్రములను గూర్చిన ప్రశ్నకు బదులిచ్చుచు, సింగరు కుట్టుమిషనును మినహాయించి, భార్య పడు శ్రమను చూడలేని ప్రేమనుండి అది పుట్టినదని పలికిరి. సింగరు జీవితచరిత్ర ఈ కథకు అనుకూలము కాకపోయినను, మిషను ముందు కూర్చుండి కుట్టిన తల్లుల విషయమున ఆ మాట సత్యము. ఎదుగుచున్న పిల్ల పావడాకు అడుగున బెత్తెడు గుడ్డను లోపలికి మడిచి కుట్టి, మరు సంవత్సరము బ్లేడుతో ఆ కుట్లు విప్పి దించగా, పాత మడత మేర వెలియని ముదురు రంగు పట్టీ బయటపడును. ఆ పిల్ల ఎంత ఎదుగునో తల్లి ముందే తలచినదనుటకు ఆ పట్టీయే సాక్షి. నిర్గుణమును నమ్మినవారు సగుణమును కాదనని దేశమున, విడువవలసిన కొలతయు ఉన్నది, పట్టవలసిన కొలతయు ఉన్నది.

రెడీమేడు దుస్తుల సంగతియే నాకు తెగలేదు. వానికి 38, 40 అను అంకెలున్నవి గాని ఆ అంకెల వెనుక ఒక మనిషి లేడు. పంచెవలె అందరివియు కావు, ఆది రవికెవలె ఒకరివియు కావు. అందుచేత అంగడిలో కొన్న గౌను మనుమరాలికి తెచ్చిననాడు, ప్రక్క కుట్లు రెండును విప్పి, ఆ పిల్లను ఎదుట నిలిపి టేపు పట్టి, ఆమె నడుమునకు సరిపడునట్లు మరల కుట్టిన పిదపనే తొడుగుచున్నాను.