గేజు పెట్టుకో, లైటు మాత్రం తీయకు

అల్లుడూ,

నీ ట్రైకుకి ఎలక్ట్రానిక్ ఆయిల్ గేజు కొన్నావని, ఈ శని ఆదివారాల్లో బిగిస్తావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. సంతోషించాను. రంగుకీ క్రోముకీ డబ్బు తగలేసే కుర్రాళ్లను చాలామందిని చూశాను గానీ, ఇంజిను లోపల ఏం జరుగుతోందో తెలుసుకోవాలనుకునేవాళ్లు తక్కువ. ఈ ఇంగ్లండు వచ్చినప్పటినుంచీ గ్యారేజీల్లో ఇవే ఇంజిన్లు విప్పుతూ బిగిస్తూ బతికినవాణ్ణి. స్పానరు పట్టుకునే ముందు నా నాలుగు మాటలూ చదువు.

నీ బండి వెనక ఉన్నది ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ కారు ఇంజిను. జర్మనీలో బూమ్, రెవాకో లాంటి కంపెనీలు చేసిన ట్రైకుల్లోనూ, నీ దానిలా బీటిల్ వెనక భాగానికి ముందు మోటార్ సైకిల్ ఫోర్కు కలిపి షెడ్లో కట్టుకున్నవాటిలోనూ అది కనిపిస్తుంది. 2003లో మెక్సికోలో ఆఖరి బీటిల్ బయటికొచ్చేనాటికి 2 కోట్ల 10 లక్షలకు పైగా తయారయ్యాయి కాబట్టి సామాన్లకు లోటు లేదు. కానీ అది గాలితో చల్లబడే ఇంజిను. రేడియేటరు లేదు, నీళ్లు లేవు. లోపలి వేడిని మోసుకెళ్లి కూలరుకి అప్పజెప్పేది ఆయిలే. ఆ ఆయిలు కూడా మొత్తం రెండున్నర లీటర్లు. కంపెనీ ఇచ్చిన ఇంజినుకి ఆయిల్ ఫిల్టరు లేదు, అడుగున ఒక జాలీ ఉంటుంది, అంతే. ఇంత కొంచెం ఆయిలు మీద ఇంత భారం పెట్టినప్పుడు దాని మీద కన్నేసి ఉంచడం బండి నడిపేవాడి బాధ్యత.

బండితో పాటు వచ్చిన ఆయిల్ లైటు చాలదా అంటావేమో. ఆ లైటు వెలిగేది ఒత్తిడి 0.15 నుంచి 0.45 బార్ మధ్యకి పడిపోయాకే. నువ్వు మోటార్ వే మీద పోతుండగా అది వెలిగిందంటే బేరింగులకు జరగాల్సిన నష్టం అప్పటికే మొదలైపోయి ఉంటుంది. ఒత్తిడి నెలల తరబడి మెల్లమెల్లగా తగ్గుతూ వచ్చినా లైటు ఒక్క మాట చెప్పదు. గేజు ముల్లు చెబుతుంది.

ట్రైకుకి ఇంకో అవసరం కూడా ఉంది. మలుపులో మోటార్ సైకిలు పక్కకు వాలుతుంది, దాంతో పాటు ఇంజినూ వాలుతుంది, ఆయిలు సంపు అడుగునే ఉండిపోతుంది. ట్రైకు వాలదు. పొడుగాటి మలుపులో వేగంగా తిప్పావంటే ఆయిలంతా బయటి వైపుకి ఎగబడి, పంపు పీల్చుకునే గొట్టం దగ్గర ఖాళీ అవుతుంది. క్షణకాలం బేరింగులకు ఆయిలు బదులు గాలి అందుతుంది. మలుపుల్లో ముల్లు కిందికి జారి మళ్లీ లేస్తోందంటే అర్థం అదే. అప్పుడు చేయాల్సింది ఆయిల్ మట్టం సరిచూసుకోవడం, వేగం తగ్గించుకోవడం. కావాలంటే అదనపు సంపు బిగించుకోవచ్చు గానీ, అది నేలకి ఎంత దగ్గరగా వేలాడుతుందో చూసుకున్నాకే కొను.

ఇప్పుడు అసలు మాట. గేజు పెట్టేటప్పుడు చాలామంది ఆ లైటుని వెలిగించే పాత స్విచ్చి విప్పేసి, ఆ రంధ్రంలోనే గేజుకి ఒత్తిడి సంగతి చేరవేసే కొత్త సెండరు బిగించి, లైటు వైరుని టేపు చుట్టి వదిలేస్తారు. ఆ పని నువ్వు చేయకు. రోడ్డు మీద నీ కళ్లు గేజు మీద ఉండవు, ఉండకూడదు కూడా. చీకట్లోనైనా వానలోనైనా కంటి చివర ఎర్రగా వెలిగి నిన్ను ఆపగలిగేది ఆ లైటే. రెండూ ఒకే సెండరులో వస్తాయి. వీడీఓ వాళ్ల సెండర్లలో రెండు టెర్మినళ్లున్న రకం అడుగు. జి అని ఉన్నది గేజుకి, డబ్ల్యూకే అని ఉన్నది లైటుకి. కాస్త ఖరీదెక్కువైనా అదే కొను. ఆ తేడా డబ్బు కావాలంటే నేనిస్తాను.

సెండరూ గేజూ ఒక జత. విడివిడిగా చవగ్గా దొరికాయని కలపకు. వీడీఓ రకం సెండరు ఒత్తిడి లేనప్పుడు 10 ఓమ్‌లు, పూర్తి ఒత్తిడిలో సుమారు 180 ఓమ్‌లు చూపిస్తుంది. అమెరికా గేజుల్లో చాలావాటికి ఇది తలకిందులు: ఒత్తిడి లేనప్పుడు 240, పూర్తిగా ఉన్నప్పుడు 33. దీని సెండరు దానికి పెడితే ముల్లు కదులుతుంది, చూడ్డానికి పనిచేస్తున్నట్టే ఉంటుంది, చెప్పేది మాత్రం అబద్ధం. 5 బార్ గేజుకి 10 బార్ సెండరు పెట్టినా అంతే. పెట్టె విప్పగానే రెండింటి మీదా ముద్రించిన అంకెలు సరిపోల్చుకో.

బిగించేటప్పుడు చేతిని అదుపులో పెట్టుకో. ఆ సెండరు వెళ్లేది డిస్ట్రిబ్యూటరు పక్కన, క్రాంక్ కేసులోకి. ఆ కేసు మెగ్నీషియం మిశ్రమం, మెత్తటి లోహం. రంధ్రం థ్రెడ్డు ఎం10, 1 మిల్లీమీటరు పిచ్, కొస సన్నబడే రకం. అమెరికా సెండర్ల 1/8 అంగుళం ఎన్‌పీటీ థ్రెడ్డు దీనికి చాలా దగ్గరగా ఉంటుంది. రెండు చుట్లు సాఫీగా తిరుగుతుంది కూడా, ఆ తర్వాత బలవంతపెడితే థ్రెడ్డు తినేస్తుంది, లేదా కేసు పగులుతుంది. కేసు పగిలితే ఇంజిను మొత్తం విప్పాలి. చేత్తో తిరిగినంత తిప్పి, ఆపైన స్పానరుతో కొంచెం. బిగుతు చాలదేమో అనిపిస్తే అక్కడే ఆపి నాకు ఫోన్ చెయ్.

ఒక సంగతి మరిచిపోకు. ఈ సెండరు లావుగా, బరువుగా ఉంటుంది. పాత స్విచ్చినీ దీన్నీ రెండింటినీ ఇత్తడి టీ ముక్క మీద వేలాడదీస్తే ఇంజిను అదురుకి ఆ ముక్క మెడ దగ్గర విరుగుతుంది, ఆయిలంతా రోడ్డు పాలవుతుంది. అందుకే కేసు రంధ్రం నుంచి అల్లిక తొడుగున్న చిన్న హోసు వేసి, సెండరుని పక్కనే గట్టి బ్రాకెట్టుకి బిగించడం మేలు.

అలా దూరంగా బిగిస్తే ఎర్త్ సంగతి నువ్వే చూసుకోవాలి. సెండరుకి ఎర్త్ దాని ఒంటి ద్వారానే అందుతుంది. తెల్లటి టెఫ్లాన్ టేపు దట్టంగా చుట్టినా, పౌడర్ కోటింగు ఉన్న ఫ్రేముకి బిగించినా ఎర్త్ సరిగా అందదు. ఇక్కడే పెద్ద ప్రమాదం ఉంది. వీడీఓ రకంలో ఎర్త్ చెడితే ఓమ్‌లు పెరుగుతాయి, ఓమ్‌లు పెరిగితే ముల్లు పైకి లేస్తుంది. అంటే ఒత్తిడి పడిపోతున్నా గేజు బాగుందనే చూపిస్తుంది. వైరు పూర్తిగా తెగితే ముల్లు చివరిదాకా వెళ్లి కూర్చుంటుంది. కాబట్టి సెండరు ఒంటి నుంచి ఇంజినుకి విడిగా ఒక ఎర్త్ వైరు వేసి, కలిపే చోట లోహం మెరిసేదాకా గీకు.

వైరింగు కష్టం కాదు. ముందు బ్యాటరీ నెగటివ్ విప్పు. గేజుకి కరెంటు తాళం తిప్పితేనే వచ్చే వైరు నుంచి తీసుకో, మధ్యలో చిన్న ఫ్యూజు పెట్టు. వెనక ఇంజిను నుంచి హ్యాండిల్ దాకా వైరు పొడుగు కాబట్టి ఫ్రేము వెంట లాగు. సైలెన్సరుకీ ప్లగ్గు వైర్లకీ దూరంగా ఉంచు, ప్లగ్గు వైర్ల పక్కన పోతే ఎలక్ట్రానిక్ గేజులో ముల్లు గెంతుతుంది. హ్యాండిల్ మెడ దగ్గర పూర్తిగా అటూ ఇటూ తిప్పినా లాగుకోనంత వదులు విడిచిపెట్టు. నీళ్లు పోని గేజే పెట్టు, ఇక్కడి వాన నీకు తెలుసుగా. మెకానికల్ గేజు జోలికి పోకుండా ఎలక్ట్రానిక్ ఎంచుకున్నందుకు నిన్ను మెచ్చుకోవాలి. అందులో అయితే మరిగే ఆయిలున్న సన్న గొట్టం నీ తొడల మధ్యకి వస్తుంది, అది పగిలిందంటే ఒళ్లు కాలుతుంది.

బిగించాక ఒక అలవాటు చేసుకో. తాళం తిప్పు, ఇంజిను స్టార్టు చేయకు. లైటు వెలగాలి, ముల్లు సున్నా మీద ఉండాలి. లైటు వెలక్కపోతే బల్బు పోయింది లేదా వైరు ఊడింది. ముల్లు సున్నా మీద లేకపోతే ఎర్త్ చూడు, వైరు చూడు. రెండూ సరిగ్గా ఉన్నాకే స్టార్టరు నొక్కు. ప్రతిసారీ చెయ్, పక్కింటి దాకా వెళ్లినా సరే.

చలికాలం పొద్దున్న ముల్లు బాగా పైకి లేస్తుంది, చూసి మురిసిపోకు. ఆయిలు పేరుకున్న నెయ్యిలా చిక్కగా ఉండటం వల్ల వచ్చే ఒత్తిడి అది. అప్పుడు ఇంజినుని రేజ్ చేయకు, కాసేపు నెమ్మదిగా వేడెక్కనివ్వు. నమ్మాల్సింది వేడెక్కాక వచ్చిన అంకె. ఎస్ఏఈ 30 ఆయిలు 70 డిగ్రీల వేడిలో, 2500 ఆర్‌పీఎం దగ్గర 42 పీఎస్ఐ ఉండాలని ఫోక్స్‌వ్యాగన్ లెక్క, 28కి దిగితే అరుగుదల హద్దుకి చేరినట్టు. నీ గేజు బార్‌లలో ఉంటే ఒక బార్ అంటే 14.5 పీఎస్ఐ. ఐడిల్లో ముల్లు బాగా కిందికి దిగితే బెంబేలెత్తకు, యాక్సిలరేటరు ఇచ్చినప్పుడు లేస్తోందా లేదా చూడు. ఆయిలు వేడి ఎంతుందో తెలిస్తేనే ఈ అంకెకి అర్థం కాబట్టి, తర్వాత డిప్‌స్టిక్కు రకం వేడి సెండరు కూడా ఒకటి పెట్టుకో.

దారిలో ఎప్పుడైనా ముల్లు ఉన్నట్టుండి పడిపోయి లైటు కూడా వెలిగిందంటే, గేజు చెడిందేమో అని ఆలోచిస్తూ మరో మైలు పోనివ్వకు. పక్కకు తీసి ఇంజిను ఆపెయ్. రికవరీ బండి ఖర్చు ఎంతైనా క్రాంకు ఖర్చు కంటే తక్కువే. మీ అమ్మ ఒక్కగానొక్క కొడుకువి, మోటార్ వే మధ్యలో ఇంజిను బిగుసుకుపోతే వెనక చక్రాలు ఏం చేస్తాయో నేను నీకు వివరించనక్కర్లేదు.

ఆదివారం పని అయ్యాక బండిని ఓ ఇరవై మైళ్లు తిప్పి, బాగా వేడెక్కాక 2500 దగ్గర ముల్లు ఎంత చూపిందో రాసుకుని నాకు ఫోన్ చెయ్. 28 కంటే తక్కువ వచ్చిందంటే మళ్లీ బండి తీయకు, మరుసటి వారం నేనే పనిముట్లు తీసుకుని వస్తాను.

మీ మామయ్య