రహదారి మరణం ఎవరి కర్మ?

ఒక మనిషి వాహనం కింద పడి చనిపోయినప్పుడు ఆ మరణానికి కర్త ఎవరన్న ప్రశ్న న్యాయస్థానంలో ఒక రూపంలో, చనిపోయినవారి ఇంట్లో మరొక రూపంలో తలెత్తుతుంది. న్యాయస్థానం నిర్లక్ష్యానికి రుజువు వెతుకుతుంది. ఇంటివారు ఆ దెబ్బను తట్టుకోవడానికి ఒక మాట వెతుక్కుంటారు. ఈ రెండింటికీ వెనక మరింత పాతదైన తాత్త్విక సమస్య ఒకటుంది. ఏ సంఘటనకైనా కారణాలు ఒకదాని వెనక ఒకటిగా ఉన్నప్పుడు, ఆ వరుసలో ఎక్కడ ఆగి ‘ఇది వీరు చేసిన పని’ అనాలి? పూర్వపు కృష్ణా జిల్లా మెట్ట ప్రాంతంలో, 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లాలో భాగమైన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల్లో ఈ సమస్య పండితచర్చకు మాత్రమే పరిమితమైనది కాదు. అది 65వ జాతీయ రహదారి పక్కనున్న ఊళ్ల నిత్యజీవితానికి సంబంధించినది.

ఒకప్పుడు 9వ నంబరుగా ఉన్న ఈ హైదరాబాద్–విజయవాడ రహదారి గరికపాడు దగ్గర ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించి, చిల్లకల్లు, నందిగామ, కంచికచర్లల మీదుగా కృష్ణా తీరానికి చేరుతుంది. నాలుగు వరుసలుగా వెడల్పు చేసినప్పుడు రోడ్డు మారింది గాని, దాన్ని ఆనుకుని బతికేవారి అవసరాలు మారలేదు. ఇల్లు ఒక పక్క, చేను మరో పక్క ఉన్న రైతు రోజూ రోడ్డు దాటవలసిందే. మిరప కోతలకు వెళ్లే కూలీల ఆటోలు, వెనక లైటు లేని పత్తి ట్రాక్టర్లు, డివైడర్ సందులోంచి బస్సు కోసం పరుగెత్తేవారు, యూటర్న్ దూరమని రాంగ్ రూట్‌లో వచ్చే మోటారు సైకిళ్లు, రెండు నగరాల మధ్య గంటలు లెక్కపెట్టుకుంటూ దూసుకుపోయే కార్లు, అందరూ అదే తారు మీద కలుస్తారు. ఇలాంటి విభజిత రహదారులపై కార్లకు గంటకు 100, బస్సులకు 90, సరుకు వాహనాలకు 80 కిలోమీటర్ల వరకు కేంద్ర ప్రభుత్వం 2018 ఏప్రిల్ నోటిఫికేషన్‌లో అనుమతించింది. 2017 ఫిబ్రవరి 28 తెల్లవారుజామున పెనుగంచిప్రోలు మండలం ముళ్లపాడు దగ్గర ఒక ప్రైవేటు బస్సు రెండు కల్వర్టుల మధ్య పడిపోయి పది మందికి పైగా మరణించారు. 2020 జూన్ 17న జగ్గయ్యపేట మండలం వేదాద్రిలో నరసింహస్వామిని దర్శించుకుని ట్రాక్టరులో తిరిగి వెళ్తున్న ఖమ్మం జిల్లా పెద్దగోపవరం వాసులను లారీ ఢీకొని పన్నెండు మంది వరకు ప్రాణాలు కోల్పోయారు. మొదటిది జాతీయ రహదారి మీద, రెండవది గుడికి వెళ్లే మామూలు రోడ్డు మీద జరిగినవి. రెండింటి కారణాలను ఒకే గాటన కట్టడానికి వీల్లేదు. కాని రెండవ సంఘటన మతవిశ్వాసం ముందు పెట్టే ప్రశ్న తప్పించుకోలేనిది: దేవుణ్ణి చూసి వస్తున్నవారికే ఇలా జరిగితే ఏమని చెప్పాలి?

ఊళ్లలో చెప్పే మాట అందరికీ తెలిసినదే. నూకలు చెల్లాయి, టైము అయిపోయింది, నుదుట రాసి ఉంది. చదువుకున్నవారు ఈ మాటలను మూఢత్వమని తేలిగ్గా కొట్టిపారేస్తారు గాని, అది తొందరపాటు తీర్పు. ‘ఆ రోజు నేను వెళ్లనివ్వకుండా ఉంటే’ అని తనను తాను పొడుచుకుంటున్న తల్లికి ‘అది నీ చేతిలో లేదమ్మా’ అని చెప్పడం సిద్ధాంతం కాకముందు దయ. అయితే ఆ దయామయమైన మాటే మరొక నోట, మరొక సమయంలో, వేరే పని చేస్తుంది. ఈ తేడాను మహాభారతం చాలా సూక్ష్మంగా గుర్తించింది.

అనుశాసనిక పర్వం ఆరంభంలో, యుద్ధంలో అంతమంది చావుకు తానే కారణమని కుమిలిపోతున్న ధర్మరాజుకు భీష్ముడు గౌతమి కథ చెబుతాడు. గౌతమి అనే వృద్ధురాలి కొడుకు పాము కరిచి చనిపోతాడు. అర్జునకుడనే వేటగాడు ఆ పామును పట్టి తెచ్చి, దీన్ని ఎలా చంపమంటావని ఆమెను అడుగుతాడు. ఆమె వద్దంటుంది, చంపినా బిడ్డ తిరిగి రాడంటుంది. అప్పుడు పాము తాను స్వతంత్రురాలిని కానని, మృత్యువు పంపితే కరిచానని వాదిస్తుంది. మృత్యువు వచ్చి తనను కాలం నడిపిందంటాడు. కాలుడు వచ్చి బాలుడి చావుకు అతడి కర్మే కారణమని, మిగిలినవారంతా నిమిత్తమాత్రులని, అంటే కార్యానికి కేవలం పనిముట్లని, తేలుస్తాడు. వేటగాడు మాత్రం మధ్యలో గట్టిగానే నిలదీస్తాడు. ఎవరు పంపినా కరిచింది నువ్వే కాబట్టి నువ్వూ కారణమేనని పాముతో అంటాడు. చివరికి గౌతమి కర్మ అన్న మాటను అంగీకరిస్తుంది, పాము విడుదలవుతుంది.

ఈ కథను విధివాదానికి ఆధారంగా చూపడం పరిపాటి. కాని కథలో ఎవరు ఏ మాట ఎప్పుడు అంటున్నారో గమనించాలి. కర్మ అన్న సమాధానం మనసులో పగ పెంచుకోకుండా ఉండటానికి నష్టపోయిన తల్లికి పనికివస్తుంది. అది చావు జరిగిన తర్వాత, దుఃఖించేవారి కోసం చెప్పిన మాట. భీష్ముడు కూడా యుద్ధం ముగిశాకే, అదీ పశ్చాత్తాపంతో రగిలేవాడికే చెప్పాడు. యుద్ధానికి ముందు ఎవరినీ ఈ కథతో ప్రోత్సహించలేదు. గౌతమి నోట వైరాగ్యమైన మాట పాము నోట సాకు అవుతుంది. యాక్సిలరేటర్ మీద కాలు పెట్టినవాడు గాని, వేగపరిమితి బోర్డు మీద అంకె నిర్ణయించే అధికారి గాని ‘ఎవరి రాత వారిది’ అన్నప్పుడు, అతడు మాట్లాడుతున్నది గౌతమి భాష కాదు.

అదే పర్వంలో కొద్ది అధ్యాయాల తర్వాత దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అన్న చర్చ వస్తుంది. దైవమంటే పూర్వకర్మ ఫలంగా మనిషికి ఎదురయ్యేది, పురుషకారమంటే అతడు ఇప్పుడు తన చేతనయినంత చేసే ప్రయత్నం. అక్కడ పురుషకారం పొలమనీ, దైవం విత్తనమనీ, పొలం లేని విత్తనం మొలవదనీ సమాధానం. ఒక్క చక్రంతో రథం కదలనట్లే ప్రయత్నం లేకుండా దైవం ఫలించదని యాజ్ఞవల్క్య స్మృతి చెప్పింది. కర్మసిద్ధాంతాన్ని నమ్మిన శాస్త్రకారులే దాన్ని చేతులు ముడుచుకుని కూర్చోవడానికి అనుమతిగా తీసుకోలేదని ఇక్కడ స్పష్టమవుతోంది. వేగాన్ని తగ్గించడం పురుషకారం కిందికి వస్తుంది. తగ్గించకపోవడం కూడా మనిషి చేసిన నిర్ణయమే గాని దైవం కాదు.

తర్వాతి సమస్య మరింత జటిలమైనది. గుద్ది చంపిన డ్రైవరు చంపాలనుకోలేదు. ఉద్దేశం లేని పనికి పాపం అంటుతుందా? జగ్గయ్యపేట పక్కన ధనంబోడు అని పిలిచే దిబ్బ మీద బయల్పడిన స్తూపం, దానికి ఆయక స్తంభాలు, అంటే నాలుగు దిక్కుల వేదికలపై నిలిపే స్తంభాలు, దానమిచ్చినట్టు చెప్పే ఇక్ష్వాకు వీరపురుషదత్తుడి కాలపు శాసనం, ఈ నేల ఒకప్పుడు బౌద్ధులదని చెబుతాయి. బౌద్ధుల దృష్టిలో కర్మ అంటే చేతన, అనగా మనసు పూనుకుని చేసే సంకల్పం. ధమ్మపద వ్యాఖ్యానంలో మొట్టమొదటి కథే చక్ఖుపాలుడనే గుడ్డి భిక్షువుది. అతడు నడుస్తుంటే కాళ్ల కింద పురుగులు చచ్చాయని తోటివారు ఫిర్యాదు చేస్తే, చంపే ఆలోచన లేదు కనుక దోషం లేదని బుద్ధుడు తీర్పు చెప్పాడు. జైనుల మార్గం వేరు. ఉమాస్వాతి తత్త్వార్థసూత్రం హింసను నిర్వచిస్తూ, ప్రమత్తయోగం వల్ల, అంటే ఏమరుపాటుతో కూడిన మనోవాక్కాయ చర్యల వల్ల, ప్రాణం తీయడమే హింస అంటుంది. పగ ఉండనక్కర్లేదు, జాగ్రత్త లేకపోతే చాలు. అందుకే జైన మునికి ఈర్యాసమితి అనే నియమం ఉంది: కాడి పొడవంత మేర ముందు నేలను చూసుకుంటూ, పగటి వెలుగులో, నెమ్మదిగా నడవాలి. చూపు ఎంత దూరమో నడక అంత మేరకే ఉండాలన్నది దాని సారం. గ్రంథాల్లో వాహనవేగానికి నియమం వెతికితే దీనికన్నా దగ్గరిది దొరకదు.

చక్ఖుపాలుడికి ఇచ్చిన మినహాయింపు 100 కిలోమీటర్ల వేగంతో వెళ్లేవాడికి చెల్లదనడానికి కారణం వేదాంతంలో కన్నా భౌతికశాస్త్రంలో ఎక్కువ తేటగా కనబడుతుంది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు, డ్రైవరు ప్రమాదాన్ని గుర్తించి బ్రేకు తొక్కడానికి ఒక సెకను పట్టిందనుకుంటే, పొడి రోడ్డు మీద సుమారు 37 మీటర్లలో ఆగుతుంది. అదే చోట, అదే క్షణంలో, అంతే చురుకుగా బ్రేకు తొక్కిన 100 కిలోమీటర్ల కారు ఆ 37వ మీటరు దగ్గర ఇంకా 90 కిలోమీటర్ల వేగంతో ఉంటుంది. మొదటి కారు మనిషి ముందు ఆగిపోయిన చోట రెండవది అతణ్ణి దాదాపు పూర్తి వేగంతో గుద్దుతుంది. డ్రైవర్లిద్దరి మంచితనంలో తేడా లేదు, ఆ క్షణంలో వారి సంకల్పంలోనూ తేడా లేదు. కారు గుద్దే వేగం 50 నుంచి 65కు పెరిగితే పాదచారి చనిపోయే అవకాశం నాలుగున్నర రెట్లవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. కాబట్టి నైతిక తీర్పు ఇవ్వవలసిన చోటు గుద్దిన క్షణం కాదు, అంతకు ముందు వేగాన్ని ఎంచుకున్న క్షణం. అప్పుడు మాత్రం చేతన పూర్తిగా ఉంది. బౌద్ధ, జైన వాదాల మధ్య తరాల తరబడి సాగిన తగాదా ఈ ఒక్క విషయంలో తీరిపోతుందనిపిస్తుంది.

బండ్ల కాలంలోనే ధర్మశాస్త్రాలు వాహనదోషం గురించి ఆలోచించాయి. మనుస్మృతి, ఇతర విషయాల్లో అది ఎంత అభ్యంతరకరమైనా, ఎనిమిదవ అధ్యాయంలో బండి కింద మనిషో పశువో పడితే ఎవరిని దండించాలో వివరంగా చెబుతుంది: ముక్కుతాడు తెగినా, కాడి విరిగినా, ఇరుసు విరిగినా దోషం లేదు, తోలేవాడికి నేర్పు లేకపోతే యజమానిని దండించాలి, నేర్పు ఉండీ జరిగితే తోలినవాడినే దండించాలి. ‘తప్పుకో’ అని గట్టిగా కేక వేసినా దోషం లేదన్న మినహాయింపు కౌటిల్యుడి అర్థశాస్త్రంలోనూ కనిపిస్తుంది. రెండెడ్ల బండికి ఆ న్యాయం సరిపోతుంది. కేక విన్నవాడు తల తిప్పి, పక్కకు జరగడానికి వ్యవధి ఉంటుంది. కాని నేటి రహదారిపై లారీలు, కార్లు కొట్టే హారన్ వెనక పనిచేస్తున్నది సరిగ్గా ఈ పాత మినహాయింపే: హారన్ కొట్టాను, ఇక బాధ్యత ఎదుటివాడిది. సెకనుకు 28 మీటర్లు వచ్చే వాహనం వేసే కేకకు అర్థం లేదు, వినేవాడికి తప్పుకునే సమయమే మిగలదు కనుక. యజమానికి కూడా బాధ్యత పెట్టిన పాత భాగాన్ని మరచిపోయి, కేక వేసినవాడిని వదిలేసే భాగాన్ని మాత్రం మన రోడ్లు భద్రంగా నిలుపుకున్నాయి.

ఇక రోడ్డు వేసినవారు, దాని మీద అంకె రాసినవారు ఉన్నారు. కొత్త ఇల్లు కట్టేవాడు మిద్దె చుట్టూ పిట్టగోడ కట్టాలని, కట్టకపోతే అక్కడి నుంచి పడి చచ్చినవాడి రక్తాపరాధం ఆ ఇంటి మీదికి వస్తుందని బైబిలులోని ద్వితీయోపదేశకాండం 22వ అధ్యాయం ఆదేశిస్తుంది. పడినవాడి అజాగ్రత్త గురించి అది ప్రశ్నించదు. 1997లో స్వీడన్ పార్లమెంటు ఆమోదించిన విజన్ జీరో విధానం ఇదే మాటను ఇంజినీర్ల భాషలో చెప్పింది: మనుషులు పొరపాట్లు చేస్తారన్నది ముందే తెలుసు కాబట్టి, ఆ పొరపాటుకు శిక్ష మరణం కాకుండా రోడ్డును, వేగాన్ని రూపొందించడం నిర్మాతల విధి. నందిగామ దగ్గర డివైడర్ సందులోంచి రోడ్డు దాటే ముసలమ్మ తప్పు చేస్తున్నదే అనుకున్నా, ఆమె రోజూ అక్కడే దాటుతుందని అందరికీ తెలుసు. తెలిసీ అక్కడ 100 అని ఒప్పుకున్నవారు ఆ తప్పులో భాగస్వాములే.

భారతదేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది మరణించారని, అందులో 71 శాతానికి పైగా మరణాలు అతివేగం కిందికి వస్తాయని కేంద్ర రవాణా శాఖ లెక్క. పోలీసులు నమోదు చేసే కారణాల్లో అతివేగం కొంత అలవాటుగా రాసేది కావచ్చు. సగానికి సగం తగ్గించి చూసినా అది చిన్న సంఖ్య కాదు. అతివేగమే ప్రధాన కారణమని ప్రభుత్వమే చెబుతూ పరిమితిని పెంచడంలో అర్థం లేదంటూ 2021లో మద్రాసు హైకోర్టు 2018 నోటిఫికేషన్‌ను కొట్టివేయడం ఈ వైరుధ్యానికి న్యాయస్థానం ఇచ్చిన జవాబు.

పరిమితి తగ్గించి వదిలేస్తే ధర్మం నెరవేరదు, అమలు కావాలి. అమలు అనగానే దండం, అంటే రాజ్యం ప్రయోగించే శిక్షాశక్తి, అన్న భావన వస్తుంది. అందరూ నిద్రపోయినా దండం మేలుకుని ప్రజలను కాపాడుతుందని మన రాజనీతి గ్రంథాలు భావించాయి. రహదారిపై దాని ఆధునిక రూపం స్పీడ్ గన్, ఈ-చలానా. అయితే ముందు స్పీడ్ గన్ ఉందని ఎదురు వచ్చే బండ్లకు లైట్లు కొట్టి చెప్పే అలవాటు ఈ దారిలో తిరిగేవారందరికీ పరిచితమే. అది సాటి డ్రైవరు పట్ల స్నేహంగానే అనిపిస్తుంది. ఆ స్నేహం ఫలితం మాత్రం కెమెరా దాటిన రెండు కిలోమీటర్ల తర్వాత రోడ్డు దాటే మనిషి మీద పడుతుంది. రాజ్యం కూడా ఇందులో నిర్దోషి కాదు. చెట్టు చాటున నిలబడి జరిమానా లక్ష్యం నింపుకునే దండాన్ని ప్రజలు దోపిడీగానే చూస్తారు, దానికి లోబడరు. దానికి భిన్నంగా, అర్ధరాత్రి దాటాక లారీలు ఆపి, డ్రైవర్ల చేత ముఖం కడిగించి పంపే పోలీసు ఏర్పాటును చూస్తే, దండం రక్షణ రూపంలోనూ ఉండగలదని తెలుస్తుంది. రెండు చోట్ల మధ్య పట్టిన సమయాన్ని బట్టి సగటు వేగం లెక్కగట్టే కెమెరాలు లైట్లు కొట్టే స్నేహాన్ని నిష్ప్రయోజనం చేస్తాయి. 2019 సవరణతో మోటారు వాహనాల చట్టంలో చేరిన 136ఎ సెక్షన్ ఎలక్ట్రానిక్ నిఘాకు దారి ఇచ్చింది.

టోలు కట్టినవాడు వేగం కొనుక్కున్నాడన్న వాదన ఒకటి వినిపిస్తుంది. టోలు రోడ్డు వాడుకకు రుసుము. పక్కూరి ప్రాణం మీద హక్కుకు కాదు. నిమిషాలు పోతాయన్న మాట నిజమే. చిల్లకల్లు నుంచి నందిగామ దాకా ఊళ్లు తగిలే పది కిలోమీటర్ల మేర 100 బదులు 60తో వెళితే నాలుగు నిమిషాలు ఆలస్యమవుతుంది.

ఈ నాలుగు నిమిషాలు అడగడానికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. ప్రజల భద్రత కోసం ఒక ప్రాంతంలో, ఒక రోడ్డు మీద తక్కువ పరిమితి విధించే అధికారం 1988 నాటి మోటారు వాహనాల చట్టం 112వ సెక్షన్ రెండవ ఉపవిభాగం కింద రాష్ట్ర ప్రభుత్వానికి ముందునుంచీ ఉంది. ఆ అధికారం చేతిలో ఉంచుకుని వాడకపోతే, తర్వాత జరిగే మరణాలను విధి ఖాతాలో రాయడానికి ఏ శాస్త్రమూ ఒప్పుకోదు.