కురుడుమలె దగ్గర నాలుగెకరాలు కొనేముందు

ముళబాగిలు నుంచి సుమారు పది కిలోమీటర్లు పోతే కొండల నడుమ కురుడుమలె. పదమూడున్నర అడుగుల ఏకశిలా వినాయకుడే ఆ ఊరికి పెద్ద దిక్కు. కొత్త పని తలపెట్టినవాళ్లు ముందు ఆయనకు దండం పెట్టుకుంటారు. కోలారు సీమ నుంచి పరదేశం వెళ్లిన మనవాళ్లలో కొందరికి ఇప్పుడొక కోరిక: ఆ చుట్టుపక్కల నాలుగెకరాలు తీసుకుని అవ్వాతాతలతో, మనమలతో ఒకే ఇంట్లో ఉండాలి, పరదేశంలో స్వారీ నేర్చుకున్న పిల్లలకు గుర్రాలుండాలి. మంచి కోరిక. అయితే ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ల అవసరం, నోరులేని గుర్రం అవసరం ముందు చూసుకుని, సంపాదించేవాడి ముచ్చట ఆ తర్వాత చూసుకోవాలని నేను గట్టిగా నమ్ముతాను.

విదేశంలో ఉండే భారత పౌరులు, ఓసీఐ కార్డున్నవాళ్లు ఇక్కడ సాగుభూమి గానీ ఫామ్‌హౌస్ గానీ మామూలుగా కొనడానికి విదేశీ మారకద్రవ్య చట్టం (ఫెమా) నిబంధనలు ఒప్పవు. వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. 2020లో కర్ణాటక తన భూసంస్కరణల చట్టాన్ని సవరించి వ్యవసాయదారులు కానివాళ్లకూ కొనే వీలిచ్చింది గానీ, ఫెమా అడ్డు అలాగే ఉంది. అందుకని దూరపు చుట్టం పేరుమీద రాయిస్తే అది బినామీ, నేరం. అమ్మానాన్నలకు డబ్బు మనస్ఫూర్తిగా ఇచ్చి వాళ్లనే కొనుక్కోమనండి. ఆ భూమి వాళ్లది, దానిమీద మాట కూడా వాళ్లదే. ఇది ఒప్పుకోలేని బిడ్డలు ఆ పనికి దిగకపోవడమే మేలు.

మన దగ్గర ఇంట్లో తెలుగు, కచేరీలో కన్నడం. భూమి రికార్డు పహణీని కన్నడం చదవగలిగినవాళ్లతో చదివించుకోండి. ఆ భూమి ఎప్పుడైనా ఎస్సీ, ఎస్టీ కుటుంబానికి ప్రభుత్వం మంజూరు చేసిందేమో చూడండి. 1978 నాటి పీటీసీఎల్ చట్టం ప్రకారం అలాంటి భూమిని ప్రభుత్వ అనుమతి లేకుండా కొంటే చెల్లదు. ఎన్నేళ్లయినా తిరిగి అడిగేలా 2023లో సవరణ కూడా వచ్చింది. అది న్యాయం. ఒక కూలీ కుటుంబానికి మిగిలిన చెక్కను చవగ్గా తీసుకుని, దానిమీద మన పిల్లలకు సంస్కారం నేర్పలేం. ఊరుమ్మడి మేతభూమి గోమాళం సంగతీ అంతే. గుర్రాల కోసం కంచె అవతలికి జరిపితే ఊరి గొర్రెలు ఎక్కడ మేయాలి?

ఇక గుర్రం. నాలుగు వందల కిలోల గుర్రానికి రోజుకు ఏడెనిమిది కిలోల ఎండుమేత, ముప్ఫై నలభై లీటర్ల నీళ్లు కావాలి. మేతకు వెతకవచ్చు, నీళ్లే కష్టం. ఈ జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు, బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. 2018 నుంచి కేసీ వ్యాలీ పథకం కింద బెంగళూరు మురుగునీటిని శుద్ధిచేసి చెరువులకు వదులుతున్నారు. అది భూగర్భజలం పెంచడానికి ఉద్దేశించిన నీరు, పశువును నేరుగా అక్కడికి తోలకండి. బోరు నీళ్లకు ఫ్లోరైడ్ పరీక్ష చేయించండి.

వాకిట్లో గన్నేరు, చేను గట్టున ఆముదం, కొండవాలున లంటానా: మూడూ గుర్రానికి విషమే. గుప్పెడు గన్నేరాకులు చాలు ప్రాణం తీయడానికి, ఎండినా విషం పోదు. అవ్వ రోజూ పూజకు కోసుకునేవి ఆ పూలే మరి! ముందు ఆమెకు మందారం, మల్లె నాటి, అవి పూశాక ఆమెతో చెప్పి గన్నేరును వేళ్లతో సహా తీయించండి. గుర్రం ఒంటరిగా ఉండలేదు, తోడు కావాలి. లాడాలు కొట్టేవాళ్లు ఊళ్లో దొరకరు. పశువైద్య కళాశాల ఉన్న హెబ్బాళ వంద కిలోమీటర్ల దాకా ఉంటుంది. తాతకు గుండెనొప్పి వస్తే కోలారు పెద్దాసుపత్రికీ ముప్ఫై కిలోమీటర్ల పైనే. కాబట్టి కొండ అందానికి లొంగి లోపలికి పోకుండా ముళబాగిలు రోడ్డు పక్కనే వెతకండి.

భూమి చూడ్డానికి సంక్రాంతికి రావద్దు, ఏప్రిల్, మే నెలల్లో రండి. అమ్మానాన్నలను వెంటబెట్టుకుని వెళ్లండి. పక్క చేను రైతును ‘అన్నా, మీ బోరు ఎంతసేపు ఆడుతుంది?’ అని అడగండి. ఆయన జవాబు విన్నాకే అడ్వాన్సు ఇవ్వండి.