ఫ్లూ టీకా - మన సత్యవ్రతము

పడమటి కనుమల క్రింద నున్న మన రాజపాళయమునకు ఈశాన్య ఋతుపవనపు వానలును, దీపావళి బేరములును ఇంచుమించు ఒక్కసారే వచ్చును. ఫ్లూ జ్వరమునకు ఢిల్లీ ప్రాంతమున జూలై మొదలు సెప్టెంబరు వరకు అదనుకాగా, చెన్నై, వేలూరులలో అక్టోబరు, నవంబరు నెలలలో అది హెచ్చుగా నుండునని పరిశోధకులు కనుగొనిరి. అనగా అంగడిలో జనము క్రిక్కిరిసి యుండు వేళనే మన వైపున ఆ జ్వరమునకును అదను. అప్పుడే మన యిండ్లలో ఒక వాదము లేచుచుండును. "టీకా వేయించుకొన్న వారికిని జ్వరము వచ్చినదే, ఇక దానివలన ఫలమేమి?" అని యొకరందురు. "వేయించుకొంటిమి, ఇక మనకు భయములేదు" అని మరియొకరందురు. రెండు మాటలయందును కొంత సత్యము కలదు. రెండును పూర్ణసత్యములు కావు.

మనము వర్తకులము గనుక ముందుగా లెక్క చూతము. అమెరికా దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రమువారు ఈ టీకా ఎంత పనిచేసినదో ఏటేటా అంచనా కట్టుదురు. 2010-11లో అది 60 శాతము. 2014-15లో 19 శాతము మాత్రమే. టీకా వైరసుతో సరిపోయిన సంవత్సరములలో సాధారణముగా 40 మొదలు 60 శాతము వరకు నుండును. 40 శాతమనగా నూరుగురు వేయించుకొనిన నలుబదిమందికే పనిచేయునని యర్థము కాదు. టీకా లేని నూరుగురిలో పదిమంది ఫ్లూతో వైద్యుని వద్దకు పోవలసిన చోట, టీకా వేయించుకొన్న నూరుగురిలో ఆరుగురే పోవుదురని యర్థము. నలుగురు తప్పించుకొనిరి, ఆరుగురు తప్పించుకొనలేదు. ఆ ఆరుగురిని చూచినవాడు టీకా వ్యర్థమనును. తప్పించుకొన్న నలుగురు ఎవరో ఎవరికిని కనబడదు.

ఈ హెచ్చుతగ్గు లేల? ఫ్లూ వైరసు తన రూపమును మార్చుకొనుచునే యుండును. ప్రపంచ ఆరోగ్యసంస్థ వారు ఫిబ్రవరిలో ఉత్తరార్ధగోళమునకును, సెప్టెంబరులో దక్షిణార్ధగోళమునకును రాబోవు రకములను ఎంచి చెప్పుదురు. మందు తయారగుటకు నెలలు పట్టును. దీపావళికి ఏ రంగు చీరెలు అమ్ముడుపోవునో ఆరు నెలలు ముందుగా ఊహించి సరకు తెప్పించు వర్తకుని పని యిట్టిదే. ఊహ యొకప్పుడు తప్పును. 1947లో వైరసు మారిపోగా అమెరికాలో టీకా దాదాపు పనిచేయనే లేదు. అయినను ఒక యేడు సరకు తప్పినదని అంగడి మూసిన వర్తకు డెవడు?

ఇది పడిశెమువంటి స్వల్పవిషయమనుకొనరాదు. 1918లో వచ్చిన ఫ్లూ మన దేశమున కోటికి మించిన ప్రాణములను బలిగొన్నది. 1957 మే నెలలో సింగపూరు ఓడవెంట మదరాసు రేవున దిగిన ఫ్లూ, ఏడాది తిరుగకమునుపే దేశమున 44 లక్షలకు పైగా కేసులుగా నమోదైనది. ఏటేటా వచ్చు ఫ్లూ అంత ఘోరము కాకున్నను, వృద్ధులకు, గర్భిణులకు, పసిబిడ్డలకు, మధుమేహము, గుండెజబ్బు, ఉబ్బసము గలవారికి అది ప్రాణాంతకము కావచ్చును.

ఇక అసలు ధర్మసంకటమునకు వత్తము. ఈ టీకాలలో హెచ్చుభాగము కోడిగ్రుడ్లలో తయారగును. సుమారు పదిదినములు పొదిగిన గ్రుడ్డులోనికి వైరసును ఎక్కించి, అది వృద్ధిపొందిన పిమ్మట అందలి ద్రవమును తీయుదురు. పిండము నశించును. గ్రుడ్డును తాకని మన యిండ్లలో ఇది చిన్నమాట కాదు. 2012లో అమెరికాలో అనుమతి పొందిన మరియొక విధమున, 1958లో ఒక కుక్క మూత్రపిండమునుండి తీసిన జీవకణముల సంతతిలో వైరసును పెంచుదురు. అందు ఏటేటా గ్రుడ్లు పగులగొట్టవలసిన పనిలేదు. హింస మిక్కిలి తగ్గినది. మొదలంట లేదనుటకు వీలులేదు.

శ్రావకుడు సంకల్పించి చేయు హింసను విడువవలెను. జీవనమున తప్పనిసరియగు హింసను తగ్గించుకొనుచు పోవలెను. ముసలితల్లిని కాపాడుటకు టీకా వేయించువానికి పిండమును చంపు సంకల్పము లేదు. కాని దాని సంగతి తెలియును. ఈ విషయమున ఇద్దరు సజ్జనులు రెండు త్రోవల పోవచ్చును. నేను ఎవరిని తప్పుపట్టను. తప్పుపట్టదగినది వేరొకటి కలదు. గ్రుడ్డు కారణముగా టీకా వలదనుకొన్నవాడు "అది పనిచేయదు" అని పదిమందికి చెప్పుట. వేయించుకొన్నవాడు "అందు హింసయే లేదు" అని తన్ను తాను సమాధానపరచుకొనుట. ఇద్దరును అహింసను గూర్చిన ప్రశ్నను తప్పించుకొనుటకు సత్యవ్రతమును భంగపరచుచున్నారు. మొదటివాని మాట విని, గ్రుడ్డు శంక యేమియులేని గుమాస్తా కూడ టీకా మానినచో, ఆ గుమాస్తా జబ్బునకు మన నోటిమాట కారణము కాదా?

కనుక వేయించుకొనదలచినవారు అది యెట్లు తయారైనదో వైద్యు నడిగి, తెలిసియే వేయించుకొనవలెను. వలదనుకొన్నవారు తమ కారణమును ఉన్నదున్నట్లు చెప్పి, దాని బరువును తామే మోయవలెను. జ్వరము తగిలిననాడు అంగడికి రాకుండుట, దగ్గునపుడు నోరు కప్పుకొనుట, ముసలివారికి దూరముగా నుండుట, జబ్బుపడిన పనివానిని జీతము కోయక ఇంట నుంచుట, ఇవి వారికి మరింత విధి. సూక్ష్మజీవులకు హాని కలుగునని నోటికి వస్త్రము కట్టుకొను సాధువులను సేవించు మనకు, తోడి మనుష్యునికొరకు నోరు కప్పుకొనుట కష్టమా?

మన పొరుగున ఛత్రపట్టిలో నేయు కట్టుగుడ్డ గాయమును మాన్పదు. మానువరకు కొంత కాపాడును. అంతమాత్రమున దానిని వ్యర్థమనము, సంజీవని యనము. స్యాద్వాదము నేర్పినది ఈ మితమైన పలుకునే. ఫ్లూ టీకా ఒక విధమున రక్షించును, ఒక విధమున రక్షింపదు. ఏ యేట, ఎవరికి, ఎంత అని చేర్చి చెప్పిననే అది సత్యము. తరాజు ముందు కూర్చుండి ఒక్క గ్రాము తేడా రానీయని మనము, ప్రాణముల సంగతి మాటలాడునపుడు మాత్రము తూకము తప్పవచ్చునా?